కుటుంబ సంస్థ అని చెప్పుకునే కంపెనీ అసలు ఎవరిదో ఎలా తేలుతుంది?

బరంపురంలో మా చీరల కొట్టుకి డీలర్‌షిప్ ఇస్తామని ఒక బట్టల కంపెనీ ఐదు లక్షల డిపాజిట్ అడుగుతోంది. క్యాటలాగ్ అట్ట మీద దండేసిన తాతగారి ఫొటో, కింద "మూడు తరాల కుటుంబ వ్యాపారం". ఇప్పుడు వాటా ఆ కుటుంబానిదేనా అన్నది తేలడం లేదు.

జీఎస్టీ పోర్టల్‌లో ప్రైవేట్ లిమిటెడ్ అనుంది, తేదీ 01-07-2017. వ్యాట్ నుంచి మారిన చాలామందికి అదే తేదీ, దాంతో వయసు తెలియదు. కంపెనీ రిజిస్ట్రేషన్ నంబరు సీఐఎన్‌లో రాష్ట్రం అక్షరాల తర్వాత నమోదైన ఏడాదిగా 2014 ఉంది. పాత పార్టనర్‌షిప్‌ను కంపెనీగా మార్చి ఉండొచ్చు, అబద్ధమనలేం. డైరెక్టర్లలో ఒకరిది ఆ ఇంటిపేరే, కానీ డైరెక్టరైతే వాటాదారు కానక్కర్లేదు. అందుకే కంపెనీ వ్యవహారాల శాఖ (ఎంసీఏ) సైట్‌లో వంద రూపాయలు కట్టి వార్షిక రిటర్న్ ఎంజీటీ-7తో జతచేసిన వాటాదారుల జాబితా తీశాను. 74 శాతం ఇంకో ప్రైవేట్ కంపెనీది, దాని వాటాలు దాదాపు అన్నీ ఒక ఎల్‌ఎల్‌పీవి (పరిమిత బాధ్యత పార్టనర్‌షిప్). ఎల్‌ఎల్‌పీ మాస్టర్ డేటాలో డిజిగ్నేటెడ్ పార్టనర్ల (చట్టపరమైన పనులకు బాధ్యులైన పార్టనర్ల) పేర్లే ఉన్నాయి, ఎవరి వాటా ఎంతో లేదు. కంపెనీ వెనకున్న అసలు యజమానులెవరో చెప్పే బెన్-2 ఫారం కూడా కనబడలేదు.

లిమిటెడ్ కంపెనీ డిపాజిట్ ఎగ్గొడితే, వ్యక్తిగత హామీ రాయించుకోకపోతే, మామూలుగా యజమానుల సొంత ఆస్తి జోలికి వెళ్లలేం. ఆ సంతకం ఎవరిని అడగాలో ముందే తెలియాలి.

ఆ ఎల్‌ఎల్‌పీలో ఎవరి వాటా ఎంతో ఏ ఫారంలో చూడాలండీ?