అప్‌డేట్: 2 జీబీకి చేరి ఆగిపోయిన యాక్సెస్ ఫైల్ సమస్య తీరింది

మా స్కూల్ అడ్మిషన్ల యాక్సెస్ (మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ప్రోగ్రామ్) ఫైల్ 2 జీబీ పరిమితికి చేరింది, ఫొటోలు, టీసీ స్కాన్లు ఫైల్ లోపలే ఉంచాలా, బయట ఫోల్డర్‌లోకి మార్చాలా అని ఇంతకుముందు అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. ఫోల్డర్‌లోకి మార్చమన్నవాళ్ల మాటే పనిచేసింది.

అసలు కారణం ఓఎల్‌ఈ ఫీల్డ్, అంటే ఫొటోల్లాంటి ఫైళ్లను డేటాబేస్ లోపలే దాచే ఫీల్డ్. అందులో జేపెగ్ పెడితే దాంతోపాటు కంప్రెషన్ లేని బిట్‌మ్యాప్ కాపీ కూడా చేరుతోంది. చిన్న ఫొటో కూడా ఎంబీలు తినేస్తోంది! ఇప్పుడు టేబుల్‌లో "2041.జేపీజీ" లాంటి పేరు మాత్రమే ఉంటుంది. ఫోల్డర్ పాత్ (ఫోల్డర్ ఎక్కడుందో చెప్పే అడ్రస్) సెట్టింగ్స్ టేబుల్‌లో ఒక్కచోటే పెట్టాం, రేపు సర్వర్ మారినా అదొక్కటి మారిస్తే చాలు. పాత ఫీల్డ్ తీసేసినా సైజు తగ్గలేదు, ఫైల్‌లో ఖాళీ అయిన చోటుని తీసేసే యాక్సెస్ టూల్ కాంపాక్ట్ అండ్ రిపేర్ నడిపాకే తగ్గింది.

ర్యామ్ పెంచితే సరిపోతుందేమో అనుకోవద్దు, ర్యామ్‌కీ ఈ 2 జీబీ పరిమితికీ సంబంధం లేదు. బ్యాకప్‌లో మాత్రం ఫొటోల ఫోల్డర్‌ని తప్పకుండా చేర్చండి, యాక్సెస్ ఫైల్ ఒక్కటే కాపీ చేస్తే ఫొటోలు రావు.