కోడ్‌తో పుట్టించిన ఉరుము వాద్యం మోతను జాతరలో వినిపించవచ్చా?

సున్నా_ఒకటి (అనంతపురం):
పగలు ఉద్యోగం, రాత్రిళ్లు పైథాన్ అనే ప్రోగ్రామింగు భాషలో ధ్వనులు పుట్టించడం నా అలవాటు. రికార్డింగు ముక్క ఒక్కటీ వాడను. తీగ మోత తేలికగానే వచ్చింది. 1983లో కార్‌ప్లస్, స్ట్రాంగ్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రచురించిన పద్ధతి అది. అడ్డదిడ్డంగా ఎంచిన 200 సంఖ్యలను వరుసగా పేర్చి, పక్కపక్క వాటి సగటు తీస్తూ ఆ వరుసనే మళ్లీ మళ్లీ తిప్పాలి. సెకనుకు 44,100 శాంపిళ్ల (ఒక్కో క్షణపు ధ్వని విలువల) చొప్పున వినిపిస్తే దాదాపు 220 హెర్ట్జ్ దగ్గర తీగ మీటినట్టు మోగి, మెల్లగా అణగిపోతుంది.

రెండు మూతుల చర్మవాద్యమైన ఉరుము అలా లొంగలేదు. ఒక మూతి మీద దెబ్బ సరే, రెండో మూతి మీద వంకర పుల్ల రుద్దితే వచ్చే ఆ గర్జనతోనే చిక్కు. పుల్ల చర్మాన్ని పట్టి లాగుతుంది, జారుతుంది, మళ్లీ పట్టుకుంటుంది. వయొలిన్ తీగ మీద కమాను చేసే పనే. ఆ పట్టు, ఆ జారుడు లెక్కలోకి వచ్చాక మోత దగ్గరపడింది. మా వైపు జాతర నిర్వాహకులు ఊరేగింపు స్పీకర్లలో పెడతామని అడుగుతున్నారు. ఇవ్వవచ్చా?

పెన్నాగట్టు (కడప):
ఇవ్వకూడదు. సెకనును 44,100 ముక్కలు చేశారు. ముక్కకూ ముక్కకూ మధ్య ఉన్న నాదం ఏమైంది? చర్మవాద్యంలో సందులుండవు.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు):
ఆ లెక్క ఇక్కడ పెట్టండి, మా అమ్మాయి చూస్తానంటోంది.

సున్నా_ఒకటి:
పెన్నాగట్టు గారూ, సందులు స్పీకరు దాకా రావు. ధ్వనిలోని కంపనాలన్నీ 22,050 హెర్ట్జ్ లోపలే ఉంటే ఆ శాంపిళ్ల గుండా పోయే తరంగం ఒక్కటే. గణిత శాస్త్రవేత్త షానన్ 1949లోనే దీన్ని నిరూపించి రాశారు. మన చెవి 20,000 దాటి వినదు. ఇక పోయిందేమిటి?

పెన్నాగట్టు:
నిరూపణలు నాకు అక్కర్లేదు. నేను మృదంగం నేర్చుకున్నవాణ్ణి. కుడి మూతి మీది నల్లని పూత వల్లే అనుస్వరాలు (మూల స్వరంతో పాటు మోగే పై స్వరాలు) శ్రుతిలో కుదురుతాయని సి.వి. రామన్ 1920లోనే చూపారు. ఆ పూత కాస్త చెదిరినా నాదం మారిపోతుంది. మా వీధి గుడిలో హారతి వేళకు మోటారుతో కొట్టుకునే డోలు, గంట బిగించారు. రోజూ ఒకే దెబ్బ, ఒకే వేగం. అంతకుముందు అక్కడ డోలు వాయించే పెద్దాయన ఇప్పుడు గుడి వైపే రావడం లేదు. మీ 44,100 కూడా అలాంటిదే.

సున్నా_ఒకటి:
రామన్ వివరించగలిగారంటే అది లెక్కకు అందుతుందనే కదా! మోటారు డోలుకూ దీనికీ పోలిక లేదు. పుల్ల ఒత్తిడి, వేగం ప్రతి క్షణం మారేలా రాశాను. దీని కోసం నిద్ర మానుకున్నాను. వినకుండానే యంత్రమని కొట్టిపారేయకండి.

పెన్నాగట్టు:
వినక్కర్లేదు.

సున్నా_ఒకటి:
అయితే మీతో వాదన అనవసరం. మీకు కోపం ఆ మోటారు మీద, తిట్లు నాకు.

ఉరుములిల్లు (కళ్యాణదుర్గం):
ఇద్దరూ శాంపిళ్ల దగ్గరే తిరుగుతున్నారు. మా నాన్న, పెదనాన్న ఉరుము వాయిస్తారు. రాత్రి మంచుకు చర్మం మెత్తబడితే మంట దగ్గర కాచి, వేలితో తట్టి చూసుకుని మళ్లీ ఎత్తుకుంటారు. పోయిన ఏడాది ఒక జాతరకు పిలిస్తే వెళ్లారు. తీరా చేరాక, స్పీకర్లు పెట్టించాం, మీరు కాసేపు వాయిస్తే చాలని సగం డబ్బు చేతిలో పెట్టారు. అన్నా, మీ మోత బాగుందా లేదా అన్నది నా ప్రశ్న కాదు. అది వస్తే ఎవరిని పిలవడం మానేస్తారు?

సున్నా_ఒకటి:
నేను రూపాయి కూడా తీసుకోవడం లేదు తమ్ముడూ.

ఉరుములిల్లు:
అదే భయం. ఉచితంగా వచ్చేదానితో మా నాన్న ఏ ధరకు పోటీ పడాలి? ఇంకొక మాట. మా వాళ్లు తరతరాలుగా గుడి గడప బయటే నిలబడి వాయించారు. మీ స్పీకరు మాత్రం నేరుగా రథం ఎక్కుతుంది.

పెన్నాగట్టు:
నేను చెప్పాలనుకున్నదీ ఇదే.

ఉరుములిల్లు:
కాదండీ. మీరు నాదం పోతుందన్నారు. నేను కూలి గురించి, చోటు గురించి అడుగుతున్నాను. మీ గుడిలో డోలు పెద్దాయన మానేసినప్పుడు ఆయన ఇల్లు ఎలా గడుస్తోందని ఎవరైనా అడిగారా?

సున్నా_ఒకటి:
మేళం లేని ఊరేగింపుకు నా ఫైలు ఇవ్వను. నిర్వాహకులకు ఈ రోజే చెబుతాను. కానీ లెక్క మాత్రం ఆపను. మీ నాన్నగారి పక్కన కూర్చుని ఆ పుల్ల పట్టు ఎలా మారుతుందో చూడాలని ఉంది.

ఉరుములిల్లు:
రండి, చూపిస్తారు. కానీ నిర్వాహకులతో మేళాన్ని పిలవమని మాత్రమే అనకండి. కూలి ఎంతో ముందే చెప్పించండి. రథం పక్కన నడిచే చోటు కూడా.