గుంటూరు సిస్టర్ల ఆస్పత్రి డాక్టరమ్మ గురించి ఎవరికైనా తెలుసా?

తెనాలి అమ్మాయి:
మా అమ్మమ్మ 1938లో గుంటూరు సిస్టర్ల ఆస్పత్రిలో పుట్టింది. దొరసాని డాక్టరమ్మ గారు పురుడు పోశారని మా తాతమ్మ చెప్పేదట. మేము క్రైస్తవులం కాదు, అయినా ఎడ్లబండి కట్టుకుని అక్కడికే వెళ్ళారు. ఆ డాక్టరమ్మ ఎవరు? సిస్టర్‌గా, అంటే మఠంలో సన్యాసినిగా ఉంటూ అప్పట్లో వైద్యం చేయనిచ్చేవారా? ఈ నెలలో అమ్మమ్మ పుట్టినరోజు. ఆమెకు చెప్పాలని అడుగుతున్నాను.

బ్రాడీపేట పాఠకుడు:
డాక్టర్ మేరీ గ్లౌరీ అయి ఉంటారు. ఆస్ట్రేలియా ఆవిడ, 1887లో పుట్టారు. మెల్‌బోర్న్‌లో వైద్యం చదివి 1920లో గుంటూరు వచ్చి జే.ఎం.జే. అనే సిస్టర్ల సంఘంలో చేరారు. మఠంలో పేరు సిస్టర్ మేరీ ఆఫ్ ది సేక్రెడ్ హార్ట్. 1957లో బెంగళూరులో పోయారు.

రిటైర్డ్ నర్సమ్మ:
అమ్మాయీ, నాకు 70 ఏళ్ళు. మా అమ్మ 1946లో ఆ ఆస్పత్రిలో పురుళ్ళ పని నేర్చుకుంది. అందుకే ఈ విషయం వస్తే ఊరుకోలేను.

నువ్వడిగిన రెండో ప్రశ్నే అసలైనది. అప్పటి చర్చి చట్టం ప్రకారం సిస్టర్లు వైద్యం చేయకూడదు, పురుళ్ళయితే మరీను. ఇటు మన ఆడవాళ్ళు మగ డాక్టరు ముందుకు రారు. కాన్పు అడ్డం తిరిగిందంటే తల్లో బిడ్డో, ఒక్కోసారి ఇద్దరూ పోవాల్సిందే. ఆవిడ పోప్ 15వ బెనెడిక్ట్ దగ్గర ప్రత్యేక అనుమతి తీసుకుని, సిస్టర్‌గా ఉంటూనే డాక్టరుగా పని చేశారు. మిగతా సిస్టర్లందరికీ రోమ్ ఆ దారి తెరిచింది 1936లో. అంటే మీ అమ్మమ్మ పుట్టడానికి రెండేళ్ళ ముందు.

కళ్ళ జబ్బులు కూడా చదివారు. మెల్‌బోర్న్‌లో మంచి ప్రాక్టీసు వదిలేసి వచ్చారు. ఇక్కడ చాలా ఏళ్ళు ఒక్కరే డాక్టరు. ఒక్కరు ఎంతమందిని చూడగలరు చెప్పు? అందుకే మన అమ్మాయిలకే కాంపౌండరు పని, నర్సు పని, పురుళ్ళ పని నేర్పించారు. నా దృష్టిలో ఆవిడ చేసిన అన్ని పనుల్లోకీ ఇదే గొప్పది. మందులిచ్చి పంపిస్తే ఆ రోగికే మేలు. పని నేర్పితే ఊరూరా ఒక మనిషి ఉంటుంది.

మా అమ్మ అలా నేర్చుకుని మా ఊరు వచ్చింది. కాన్పుకి పిలుపొస్తే ముందు కత్తెర నీళ్ళలో వేసి పొయ్యి మీద పెట్టేది. అవతలివాళ్ళు ఎంత కంగారుపడినా అది మరిగేదాకా కదిలేది కాదు. గోళ్ళు పెరిగితే మాకూ చీవాట్లే. మాల, మాదిగ పేటలకీ, పెద్దిళ్ళకీ అదే కత్తెర, అదే చెయ్యి. అందుకు కొందరు ముఖం చిట్లించేవారు, కాన్పు నొప్పులు మొదలైతే మాత్రం వాళ్ళూ కబురంపేవారు.

తెనాలి అమ్మాయి:
చదువుతుంటే ఒళ్ళు జలదరించింది అండీ. ఆ సిస్టర్లు ఎక్కడినుంచి వచ్చారు?

బ్రాడీపేట పాఠకుడు:
జే.ఎం.జే. అంటే జీసస్, మేరీ, జోసెఫ్. హాలండ్‌లో 1822లో మొదలై, 1904లో గుంటూరు వచ్చారు. ఇంకో సంగతి. 1943లో ఈ డాక్టరమ్మే దేశంలోని కేథలిక్ ఆస్పత్రుల కోసం ఒక సంఘం మొదలుపెట్టారు. మొదట్లో ఉన్నది 16 మంది సిస్టర్లు. ఇప్పుడందులో 3,500కు పైగా ఆస్పత్రులు, డిస్పెన్సరీలు, సేవాకేంద్రాలు ఉన్నాయి.

రిటైర్డ్ నర్సమ్మ:
మెడికల్ కాలేజీ పెట్టాలన్నది కూడా ఆవిడ కోరిక. బెంగళూరులో సెయింట్ జాన్స్ కాలేజీ 1963లో తెరిచారు, ఆవిడ పోయిన ఆరేళ్ళకి. చూడలేకపోయారే అని నాకు ఇప్పటికీ బాధ.

తెనాలి అమ్మాయి:
అమ్మమ్మకి ఫోన్‌లో మొత్తం చదివి వినిపించాను. డాక్టరమ్మ పేరు మూడుసార్లు పలికించుకుంది. మీ అమ్మగారి కత్తెర ఇంకా ఉందా అని అడగమంది.

రిటైర్డ్ నర్సమ్మ:
ఉందమ్మా. పిడి దగ్గర కాస్త తుప్పు పట్టింది. అమ్మ పట్టుచీర మడతలో పెట్టి బీరువాలో దాచాను.