కోనసీమ గ్యాసు బావులు: ఉద్యోగాలు ఎవరికి దక్కాలి?

లంకగట్టు:
మా ఊరి కొబ్బరితోటల మధ్య బావి తవ్వే రిగ్గు నిలబెట్టిన నెలల్లో రోడ్డు వేయడానికి, సామాను దించడానికి చాలామందికి పని దొరికింది. తవ్వకం ముగిసి రిగ్గు వెళ్లిపోయాక మిగిలినవి కంచె లోపల బావి, గేటు దగ్గర రేకుల గది. ఆ గదిలో కాపలా ఉండేది నేనే. ఎనిమిదేళ్లలో కాంట్రాక్టరు నాలుగుసార్లు మారాడు. మారినప్పుడల్లా కొత్త గుర్తింపు కార్డు ఇచ్చి, నా సర్వీసును మొదటి రోజు నుంచి లెక్కిస్తున్నారు. గ్యాసు మాదైనప్పుడు ఉద్యోగం మాది ఎందుకు కాదు?

లెక్కల మాస్టారు:
"గ్యాసు మాది" అన్న మాట చట్టం ముందు నిలవదండీ. పట్టా నేలకే గాని, నేల కింది గ్యాసుకు వర్తించదు. గ్యాసు తీసినందుకు కట్టే రాయల్టీ రాష్ట్ర ప్రభుత్వానికి చేరుతుంది. కాంట్రాక్టు కార్మికులు వారంతట వారే పర్మనెంటు అయిపోరని 2001లోనే సుప్రీంకోర్టు స్టీల్ అథారిటీ కేసులో తేల్చింది.

గోదారి గాలి:
1995లో పాశర్లపూడి బావి అంటుకొని 60 రోజులకు పైగా మండినప్పుడు, ఇళ్లు వదిలి పోవలసిన వారిని మాత్రం ఊరు చూసే ఎంపిక చేశారు కాబోలు.

లెక్కల మాస్టారు:
వ్యంగ్యం బాగుంది, గ్యాసు ఎవరిదన్న ప్రశ్నకు అది జవాబు కాదు.

కొబ్బరాకు:
లంకగట్టు గారు కాపలా ఉండే బావి ఉన్నది మా తోటలోనే. చెట్టుకు ఇంతని పరిహారం ఇచ్చారు, ఏటా లీజు డబ్బు వస్తోంది, దానితోనే మా అమ్మాయి ఇంజనీరింగ్ చదివింది. ఊరికి ఏమీ ఒరగలేదనడం కృతఘ్నత.

లంకగట్టు:
ఆ మాట మీ నోట రాకుండా ఉండవలసిందండీ. మీ తోటలో 20 ఏళ్లు చెట్లెక్కి కాయల దింపు తీసింది మా నాన్నగారే. కొట్టేసే ముందు ప్రతి చెట్టుకూ సున్నంతో నెంబరు వేసి మీ పేరున రాసుకున్నారు; చెట్టెక్కే మనిషిని ఎవరూ రాసుకోలేదు. ఇంతసేపూ గ్యాసు సంస్థ గురించి మాట్లాడుతున్నాను గాని, నా తగువు అసలు మీతోనే.

కొబ్బరాకు:
పరిహారం ఎవరికి ఇవ్వాలో నిర్ణయించింది నేను కాదు. ఆ ఏడాది పండక్కి మీ నాన్నగారికి బట్టలు పెట్టాను, అదీ రాయండి.

లెక్కల మాస్టారు:
భూమిని సేకరిస్తే, దానిపై మూడేళ్లుగా బతుకుతున్న కూలీని, కౌలుదారుని కూడా 2013 భూసేకరణ చట్టం బాధిత కుటుంబంగా గుర్తిస్తుంది. ఇక్కడ జరిగింది సేకరణ కాదు, లీజు. చిక్కు అక్కడుంది, నేను గ్యాసు ఎవరిదన్న ప్రశ్న దగ్గరే ఆగిపోయాను.

లంకగట్టు:
అయితే ఆ లీజు కాగితంలో కూలీల ప్రస్తావన ఎక్కడైనా ఉందేమో కొబ్బరాకు గారు చూసి చెప్పాలి.

కొబ్బరాకు:
బీరువాలో ఉంది. చూస్తాను.