సీజింగ్ కార్ల వేలం యార్డులో పని: బండి దించుకునేటప్పుడు ఏం చూసుకోవాలి?

కొత్త_యార్డు:
హైదరాబాద్ శివార్లలో, బ్యాంకులు సీజ్ చేసిన కార్లు పెట్టే యార్డులో చేరుతున్నా. బండ్లు దించుకోవడం, లైన్లో పెట్టడం, వేలానికి ముందు చూడ్డానికి వచ్చినవాళ్లకి స్టార్ట్ చేసి చూపించడం నా పని. డ్రైవింగ్ బాగా వచ్చు. గేటు దగ్గర ఏమేం రాసుకోవాలి? వానాకాలంలో నెలల తరబడి నిలబడే బండ్ల సంగతేంటి? తెలిసిన అన్నలు చెప్పండి.

తాళాల_బోర్డు:
తమ్ముడూ, ఇన్వెంటరీ షీటు నిండి, బండి తెచ్చినవాళ్లు సంతకం పెట్టేదాకా వాళ్లని కదలనివ్వకు. తర్వాత ఏది తగ్గినా యార్డు మీదికే వస్తుంది. చాసిస్ నంబరు 17 అక్షరాలూ బండి మీదే చూసి రాయి. ఆర్‌సీలోంచి ఎక్కించుకుంటే నంబరు ప్లేటు మార్చిన బండి నీ చేతిలోంచే దాటిపోతుంది. ఇగ్నిషన్ ఆన్ చేసి మీటరు రీడింగు ఫొటో తియ్యి. స్టెప్నీ, జాకీ, వీల్ స్పానర్, రెండో తాళం లేకపోతే "లేదు" అని రాయి, గడి ఖాళీగా వదలొద్దు. బ్యాటరీ సీరియల్ నంబరు, ఏ చక్రానికి ఏ కంపెనీ టైరుందో కూడా రాయాలి, ఎందుకంటే ముందు మారిపోయేవి అవే. ఈకో వ్యాన్ వస్తే వంగి కింద సైలెన్సర్ ఉందో లేదో చూడు. దాని లోపలి పొడిలో ప్లాటినం, పలాడియం ఉంటాయని దొంగలు ఊడదీసుకుపోతుంటారు. డాష్‌బోర్డులో, డిక్కీలో దొరికిన ఓనరు సామాన్లకి వేరే లిస్టు పెట్టు.

పాత_మెకానిక్:
వానాకాలంలో హ్యాండ్‌బ్రేక్ లాగి వదిలేస్తే వెనక డ్రమ్ముల్లో లైనింగులు తుప్పుతో పట్టేస్తాయి, చక్రం తిరగదు. గేర్లో పెట్టి, చక్రాలకి ముందూ వెనకా రాళ్లు అడ్డం పెట్టు. బ్యాటరీ మైనస్ తీసెయ్. తీసేముందు తాళం చేతిలో ఉందో లేదో చూసుకో. వోల్టేజి 12.6 ఉంటే ఫుల్లు. 12 కిందకి దిగితే చార్జింగు పెట్టాల్సిందే, అలాగే వదిలేస్తే ప్లేట్లు పాడై మళ్లీ లేవదు. టైర్లలో రెండు మూడు పాయింట్లు గాలి ఎక్కువ పెట్టి, అప్పుడప్పుడూ బండిని కాస్త ముందుకు జరపు. ఒకేచోట నిలబడితే టైరు అక్కడ చదునైపోతుంది.

కొత్త_యార్డు:
థాంక్స్ అన్నా. బ్యాటరీ డౌన్ అయితే ఇంకో బండి బ్యాటరీ నుంచి కేబుళ్లతో లేపొచ్చా? ఆటోమేటిక్ బండి అయితే?

పాత_మెకానిక్:
లేపొచ్చు, వరస తప్పకూడదు. ఎర్ర కేబులు ముందు డౌన్ అయిన బ్యాటరీ ప్లస్‌కి, తర్వాత మంచిదాని ప్లస్‌కి. నల్లది మంచిదాని మైనస్‌కి, చివరి క్లిప్పు డౌన్ అయిన బండి ఇంజన్ ఇనుముకి. దాన్ని బ్యాటరీ మైనస్‌కే పెడితే అక్కడ లేచే నిప్పురవ్వకి బ్యాటరీ గ్యాసు అంటుకోవచ్చు. తీసేటప్పుడు ఇదే వరస తిరగేసి, చివర పెట్టింది ముందు తియ్యి. ఆటోమేటిక్ అయితే కరెంటు లేనప్పుడు లివరు పీ (పార్కింగ్) నుంచి కదలదు. చాలా బండ్లలో లివరు పక్కన చిన్న మూత ఉంటుంది, బ్రేక్ తొక్కి ఉంచి, మూత తీసి లోపల నొక్కి లివరు జరిపితే న్యూట్రల్‌కి వస్తుంది.

తాళాల_బోర్డు:
ఒకటి మర్చిపోయాం. కార్పెట్ కింద బురద, సీటు పట్టాల మీద తుప్పు కనిపిస్తే అది మునిగిన బండి. ఎవరడిగినా సెల్ఫ్ కొట్టకు. సిలిండర్లో నీళ్లుంటే ఇంజన్ లోపలి కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. షీటు మీద పెద్దక్షరాలతో "స్టార్ట్ చేయరాదు" అని రాసి, తాళం విడిగా పెట్టు.