సముద్రపు ఒడ్డున దొరికిన ఈ రాళ్లలో ఉన్నవి శిలాజాలేనా?

ప్రశ్న:
సముద్రపు ఒడ్డున నడుస్తుండగా మూడు రాళ్లు దొరికాయి. మొదటిది పిడికిలంత ఉన్న గుండ్రని బూడిదరంగు రాయి. ఒక పక్కన గాళ్లు పడిన వంపు ఒకటి కాస్త బయటికి కనిపిస్తోంది. రెండవది పలకలా చీలిన లేతరంగు రాయి. దాని మీద ఫెర్న్ ఆకును అచ్చు వేసినట్టు నల్లని రేఖలు ఉన్నాయి. మూడవ రాయి నిండా వేలు దూరేంత రంధ్రాలే. వీటిలో శిలాజాలు ఉన్నాయనుకోవచ్చునా? మొదటిదానిని సుత్తితో పగలగొట్టాలనిపించింది కాని, లోపలిది పాడవుతుందేమోనని ఆగాను.

మొదటి సమాధానం:
ఆగి మంచి పని చేశారు. ముందుగా రెండవ రాయి సంగతి: అది చాలావరకు ఆకు కాదు, డెండ్రైట్. రాతి పగుళ్లలోకి ఊరిన నీటిలోని మాంగనీసు, ఇనుము ఆక్సైడ్లుగా పేరుకొని అలా కొమ్మలు వేస్తాయి. నిజమైన ఫెర్న్‌కు నడుమ ఈనె, దానికి ఇరువైపులా వరుస తప్పని చిట్టి ఆకులు ఉంటాయి. డెండ్రైట్ మాత్రం తరచు పగులు అంచు నుంచే మొదలై తోచినట్టు చీలిపోతుంది. మూడవ రాయిలోని రంధ్రాలు రాతిని తొలిచి నివసించే ఆల్చిప్పలవి కావచ్చు. రంధ్రం మూతి ఇరుకుగా, లోపల వెడల్పుగా ఉంటే ఆ అనుమానం బలపడుతుంది.

ఆశ ఉన్నది మొదటి రాయి మీదే. బురదలో పూడుకుపోయిన జీవి కుళ్లేటప్పుడు చుట్టూ జరిగే రసాయనిక మార్పుల వల్ల కార్బనేట్ ఖనిజాలు పేరుకొని, పై పొరల బరువుకు బురద అణగిపోకముందే ఒక గట్టి ఉండ తయారవుతుంది. దీనినే నాడ్యూల్ అంటారు. అందుకే పక్కనున్న షేల్‌లో (బురద గట్టిపడి ఏర్పడిన పలకల రాతిలో) చిప్పలు అప్పడాల్లా నలిగిపోయినా, నాడ్యూల్‌లో గుండ్రదనం చెడకుండా నిలుస్తాయి. అయితే ఏమీ లేని నాడ్యూళ్లు కూడా కొల్లలుగా ఉంటాయి.

రెండవ సమాధానం:
ఒక చుక్క వెనిగర్ వేసి చూడండి. నురగ వస్తే శిలాజమే.

మూడవ సమాధానం:
పై సలహాతో ఏకీభవించలేను. నురగ వచ్చిందంటే అక్కడ కాల్సైట్ వంటి కార్బనేట్ ఉందని మాత్రమే అర్థం. ఏ శిలాజమూ లేని సున్నపురాయి కూడా నురగలు కక్కుతుంది. పైగా ఆ ఆమ్లం చిప్పనే తినేస్తుంది. దానికి బదులు చీకటి గదిలో టార్చిని పక్కవాటుగా పట్టి, భూతద్దంతో ఆ గాళ్లను చూడండి. గాళ్ల నడుమ గట్లు ఉబ్బెత్తుగా ఉండి, వంపు లోపలి చుట్టు వైపు క్రమంగా సన్నబడుతుంటే, అది అమ్మోనైట్ కావచ్చు, అంటే సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం అంతరించిపోయిన, చుట్టలు తిరిగిన చిప్ప గల సముద్రజీవి. ఉబ్బు లేకుండా తుప్పురంగు వలయాలు మాత్రమే ఉంటే అవి ఇనుము పేరుకున్న చారలు.

ప్రశ్న అడిగినవారు:
టార్చితో చూశాను. గట్లు ఉబ్బెత్తుగానే ఉన్నాయి; బయటి అంచు దగ్గర ఒక్కొక్కటి రెండుగా చీలింది. ఫెర్న్ రేఖలు మీరన్నట్టే పగులు అంచు నుంచి మొదలయ్యాయి.

మూడవ సమాధానమిచ్చినవారు:
అలా చీలే గట్లు చాలా అమ్మోనైట్లకు ఉంటాయి కనుక ఇప్పుడు నమ్మకంగానే అమ్మోనైట్ అనవచ్చు. జాతి తేల్చడానికి మాత్రం దొరికిన చోటు, అక్కడి రాతిపొర వయసు తెలియాలి; ఆ వివరాలు ఇప్పుడే రాసిపెట్టుకోండి. రాతిని మంచినీటిలో నానబెట్టి, ఉప్పు పోయేదాకా నీరు మారుస్తూ ఉండండి. ఇత్తడి మెరుపు కనిపిస్తే మాత్రం అది పైరైట్ అనే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం. దానిని నానబెట్టకుండా పొడిగా ఉంచాలి, తేమ తగిలితే పొడిపొడిగా రాలిపోతుంది. పగలగొట్టే పని సన్నని ఉలులు, కంటి రక్షణ ఉన్న అనుభవజ్ఞులకు వదలండి.