పక్కన పోయే బోట్ల అలకి జెట్టీ పలకలు లేచిపోతున్నాయి

రంభ_రేవు: రంభలో చిలికా సరస్సు ఒడ్డున చెక్క జెట్టీ. గుంజలు సరుగుడువి, పైన అడ్డపట్టీలు, వాటి మీద పలకలు. నీటి లోతు మీటరున్నర. చలికాలం టూరిస్టు బోట్లు మొదలైనప్పటి నుంచి పలకల మేకులు పైకి తన్నుకొస్తున్నాయి. తాడు కట్టే గూటం కింద బోల్టు రంధ్రం గుండ్రంగా ఉండేది కాస్తా కోడిగుడ్డు ఆకారానికి సాగిపోయింది. ఇంకా లావు బోల్టులు బిగిస్తే ఆగుతుందా?

మరపడవ: ఆగదు అన్నగారూ. బోల్టు నిలుస్తుంది, చెక్క చీలుతుంది. రంధ్రం సాగిందంటే తాడు వదులై, ఒక్కసారిగా బిగిసి గుంజుతోందన్నమాట. ప్లాస్టిక్ తాడుంటే తీసేయండి, ఎండకి పెళుసైపోతుంది. ఎనిమిది మీటర్ల బోటుకి 12 మిల్లీమీటర్ల మూడు పేటల నైలాన్ వెయ్యండి, అది సాగి కుదుపుని మింగుతుంది. ముందు, వెనక తాళ్ళతో పాటు ఏటవాలుగా ఇంకో రెండు కావాలి: బోటు ముక్కు నుంచి జెట్టీ మీద వెనక్కి ఒకటి, వెనక నుంచి ముందుకి ఒకటి. బోటు ముందుకీ వెనక్కీ ఉయ్యాలూగదు. గూటానికి పాత రంధ్రం వదిలేసి జానెడు పక్కన కొత్తది వేసి, కింద 75 మిల్లీమీటర్ల చదరపు ఇనప పలక పెట్టి నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగు ఉండి, కుదుపుకి వదులవ్వనిది) బిగించండి. మామూలు వాషరైతే చెక్కలోకి దిగబడుతుంది.

పలకల సంగతి వేరు. అల కింద నుంచి కొడితే మధ్యలో ఇరుక్కున్న గాలి, నీరు పైకి తంతాయి. పలకకీ పలకకీ 10 మిల్లీమీటర్ల సందు వదిలి, మేకుల బదులు గాల్వనైజ్డ్ స్క్రూలు వాడండి.

రంభ_రేవు: బోట్లని ఇంకాస్త దూరంగా పొమ్మంటే?

లోతు_లెక్క: దూరం రెట్టింపు చేసినా అల ఎత్తు సుమారు ఐదో వంతే తగ్గుతుంది. వేగం పట్టుకోండి. అల ఎత్తు సగమైతే దాని శక్తి నాలుగో వంతుకి పడిపోతుంది. ముక్కు పైకెత్తి, వెనక కుంగి, సగం వేగంతో పోయే బోటే అన్నిటికంటే చెడ్డది. అది నెమ్మదిగా పోతున్నాననుకుంటుంది, అదే తమాషా! మీ లోతులో అల గంటకి 14 కిలోమీటర్లకి మించి పరిగెత్తలేదు. బోటు కూడా ఆ వేగం దగ్గరే పోతుంటే లేచిన అల చెదిరిపోకుండా పోగుపడుతుంది. అందుకని థ్రాటిల్ జెట్టీ ఎదురుగా వచ్చాక కాదు, బాగా ముందే తగ్గించాలి. ఎదురుగా తగ్గిస్తే వెనకొచ్చే అల బోటుని దాటుకొచ్చి మీ గుంజలకే తగులుతుంది.

మరపడవ: బోటు లిఫ్ట్ (బోటుని తొట్టె మీద కూర్చోబెట్టి వైరు తాడుతో నీళ్ళలోంచి పైకెత్తేది) పెట్టించుకునేవాళ్ళకి ఒక మాట. బోటు అడుగు నీటిని రాసుకుంటూ ఉండేలా ఆపొద్దు. అల దాన్ని తొట్టె మీంచి లేపి మళ్ళీ పడేస్తుంది, ఆ దెబ్బంతా వైరు తాడు మీదే. పెద్ద అల శిఖరానికి కూడా అందనంత పైకి ఎత్తి, బోటుని తొట్టెకి కట్టెయ్యండి. వానాకాలం చిలికా నీరు పెరుగుతుంది కాబట్టి ఎత్తు మళ్ళీ సరిచూసుకోవాలి. కప్పీ దగ్గర వైరుని పాత గుడ్డతో తుడవండి (చేత్తో వద్దు, గుచ్చుకుంటుంది). గుడ్డ పోగు ఎక్కడైనా పట్టుకుందంటే అక్కడ తీగ తెగినట్టే, వైరు మార్చాల్సిందే.